వేపమండల చాటు

కాగులో నీళ్లు మరిగి వావిలాకు వాసన పెరడంతా నిండింది. మంత్రసాని ఎల్లక్క కొంగు బొడ్లో దోపుకొని, స్నానాల బండ పక్కన పీట వేసి, చేతులకు నూనె రాసుకొని ఎంతసేపటినుంచో ఎదురుచూస్తూనే ఉంది. పసిగుడ్డు లోపల ఆకలికి గీరుమంటోంది. బాలింత సారక్క మాత్రం తలుపు చెక్కను రెండు చేతులా పట్టుకొని గడప దాటడం లేదు!

"నేను రానే అవ్వా... నా వల్ల గాదు."

తల్లి లచ్చవ్వ వచ్చి బిడ్డ పక్కన నిలబడింది. అనడానికి ఏముంది? తలెత్తితే చాలు, కనిపిస్తూనే ఉంది. వాళ్ల పెరడు మీదికి వంగినట్టుగా నిలబడ్డ, దొర ఉండే గడి బురుజు, దాని మీద తుపాకులు భుజాన వేసుకొని తిరిగే సిపాయిలు. ఆడమనిషి పెరట్లోకి వస్తే చాలు, వాళ్ల నడక ఆగిపోతుంది. ఒకడు ఇంకొకణ్ని పిలుస్తాడు. ఎవరో ఈల వేస్తారు. నిన్న నీళ్లు పోసుకుంటుండగా పైనుంచి ఓ చిన్న గులకరాయి వచ్చి సారక్క వీపున తగిలింది. ఆ వెనకనే నవ్వులు! ఒంటి మీద తడిచీర తప్ప ఏమీలేని ఆ పిల్ల ఒక్కసారిగా ముడుచుకుపోయి, సగం స్నానంతోనే ఇంట్లోకి పరుగెత్తి, గోడ మూలకు ముఖం పెట్టుకొని ఏడ్చిన ఏడుపు లచ్చవ్వ చెవుల్లోంచి ఇంకా పోలేదు...

నీళ్లు లోపల పోద్దామంటే అది ఒక్క గది ఇల్లు, మట్టి గోడలు, మట్టి నేల. నీళ్లు పోయే దారి లేదు. చీకటితో పోద్దామంటే ఎల్లక్క ఒప్పుకోలేదు. పొద్దెక్కి ఎండ పడనిదే పచ్చి బాలింత ఒంటిమీద నీళ్లు పొయ్యొద్దట, శీతం కొడితే మనిషి దక్కదట. కాన్పుల్లో ఎల్లక్క మాటకు ఆ వాడలో ఎవరూ ఎదురు చెప్పరు.

"నీళ్లు సల్లారుతున్నయ్ లచ్చవ్వా," అంది ఎల్లక్క. "తడుపు గుడ్డతోని తుడుద్దామంటే ఇయ్యాల సరిపాయె. రేపేంది? ఎల్లుండేంది?"

లచ్చవ్వ బిడ్డను పట్టుకొని మంచం మీద కూర్చోబెట్టి, వేడినీళ్లలో గుడ్డ ముంచి ఒళ్లు తుడిచింది. అల్లుడు రాములు స్టేషన్ ఘన్‌పూర్ దగ్గర రైలు పట్టాల మీద కూలి చేస్తాడు. మంచివాడు. కాన్పుకు పంపేటప్పుడు కూడా ఒక్కటే మాట అన్నాడు. "అత్తా, మీది గడి కింది ఇల్లు. జర పైలం." ఆ మాటకు తానిచ్చిన జవాబు లచ్చవ్వకు ఇప్పుడు గుండెలో ముల్లులా గుచ్చుకుంటోంది. "నా కడుపుల పెట్టుకొని చూసుకుంట అల్లుడా," అంది తాను. కడుపులో పెట్టుకోవడం కాదు కదా, ఒక దడి చాటున కూడా పెట్టలేకపోయింది!

దడి కట్టుకోవడం ఏమంత పెద్ద పని? కంది కోసిన చేలలో కట్టె కుప్పలు కుప్పలుగా పడి ఉంది. తాటినార ఉంది. కానీ ఆ వాడలో దడి అంటే మాటలు కాదు. కొడకండ్లకు ఇవతల ఉన్న ఆ ఊరు పుట్టినప్పుడే గడి కింద ఆ పాతవాడ పుట్టిందంటారు. దొర తాతల కాలంనుంచీ ఒకటే కట్టడి. బురుజు మీద నిలబడితే ప్రతి ఇంటి పొయ్యీ కనబడాలి, ప్రతి పెరట్లో ఎవరున్నదీ తెలియాలి. దడి ఏదైనా నడుము ఎత్తుకు మించకూడదు. మించాలంటే గడి సెలవు కావాలి. ఆ సెలవు దొరికిన వాళ్లను ఎవరూ ఎరుగరు.

ఎర్రజెండా సంఘం వచ్చాక దొర ఊరు విడిచి హైదరాబాదు పారిపోయాడు. అప్పుడు వాడ వాడంతా చేసిన మొదటి పని దున్నుకోవడం కాదు, దడులు కట్టుకోవడం! లచ్చవ్వ కొడుకు ఉప్పలయ్య నిలువెత్తు కందికట్టెతో పెరడు చుట్టూ అల్లి, "ఇగ నువ్వు రాణీవే అవ్వా, ఎప్పుడు మనసైతే అప్పుడు తానం చెయ్యి," అని నవ్వాడు. ఆ దడి చాటున నిలబడి మొదటిసారి పట్టపగలు తల మీద నిండుగా నీళ్లు కుమ్మరించుకున్న రోజు లచ్చవ్వకు ఇప్పటికీ గుర్తే. ఒళ్లు తుడుచుకోబుద్ధి కాక అట్లాగే నిలబడిపోయింది...

తర్వాత మిలిటరీ వచ్చింది. దాని వెనకాలే దొర వచ్చాడు. గడిలో క్యాంపు పడింది. దడుల చాటున సంఘం దళం వాళ్లు దాగుతున్నారని ఒక్కపూటలో వాడలోని దడులన్నీ కాల్చేశారు. ఉప్పలయ్య దళంతో అడవి పట్టాడు. రేగొండ అవతలి అడవుల్లో ఉన్నాడని ఒకరు, గోదారి దాటాడని ఒకరు. కొడుకు జాడ చెప్పమని తండ్రి వీరస్వామిని గడిలోకి పట్టుకుపోయి, మోకాలు చితగ్గొట్టి పంపారు. ఆనాటినుంచి ఆయన మంచం దిగడు, మాట్లాడడు. ఇంటికి మగదిక్కూ ఆడదిక్కూ లచ్చవ్వే అయింది.

ఆ పొద్దే లచ్చవ్వ గడికి బయలుదేరింది. ముందు పోలీసు పటేలు దగ్గరికి పోతే, అది తన చేతిలో లేదన్నాడు. దొర దగ్గరికి పోతే, దొర పడుకున్నాడన్నారు. మధ్యాహ్నం దాకా గడి వాకిట్లో ఎండలో నిలబెట్టి, చివరికి దొర గుమాస్తా పిలిచాడు.

"బాంచెను దొరా. నా బిడ్డ పచ్చి బాలింత. బురుజు దిక్కు ఒక్క దడి కట్టుకుంట. ఆడపిల్ల మానం దొరా... పురుడు ఎల్లంగనే పీకేస్త," అంది చేతులు జోడించి.

గుమాస్తా పక్కనున్న క్యాంపు సుబేదారుకు ఆయన భాషలో ఏదో చెప్పాడు. సుబేదారు వయసు మళ్లిన మనిషి. చాలాసేపు లచ్చవ్వ ముఖంలోకి చూసి, ఏదో అన్నాడు. ఆయనేమన్నదీ గుమాస్తా నవ్వుతూ తెలుగులో విప్పాడు.

"పాత వాడ పాత తీర్గనే ఉండాలెనట లచ్చీ. దడి లేస్తె దాని ఎనుక నీ కొడుకు లేస్తడు. ఒక్క పని చెయ్యి. ఉప్పలిగాన్ని తోలుకొచ్చి ఈడ ఒప్పజెప్పు. దడేంది, నీకు రాతిగోడనే కట్టిస్తరట."

లచ్చవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని వెనక్కి తిరిగింది. ఒక పక్క కడుపున పుట్టిన బిడ్డ మానం, మరో పక్క కడుపున పుట్టిన కొడుకు ప్రాణం! ఏ తల్లి ఏ చేతిని నరుక్కుంటుంది?

దారిలో కింది వాడలో సోదా జరుగుతోంది. సిపాయిలు ఇల్లిల్లూ దూరి కుండలు బోర్లిస్తున్నారు. ఒక ఇంటి ముందు మాత్రం ఆగిపోయారు. ఆ ఇంటి చూరుకు వేపమండలు కట్టి ఉన్నాయి. లోపల ఎవరికో అమ్మవారు పోసింది. ముందున్న సిపాయి గడప మీద పెట్టిన కాలు వెనక్కి తీసుకున్నాడు. తుపాకీ చంకలో పెట్టుకొని, వేపమండలకు చేతులు జోడించి, మిగతా వాళ్లను కూడా దూరంగా జరగమన్నాడు. వాళ్లదీ ఏదో ఊరే కదా. వాళ్ల ఊళ్లోనూ తల్లి ఉంటుంది కదా.

లచ్చవ్వ ఆ వేపమండల వైపు చాలాసేపు చూస్తూ నిలబడింది.

ఇంటికి వచ్చేసరికి గడిలో జరిగిన మాట తనకంటే ముందే చేరింది. సారక్క గోడకు ఆనుకొని కూర్చొని పిల్లకు పాలిస్తోంది. తల్లి వైపు చూడలేదు.

"ఇయ్యనన్నరట గద," అంది.

"అవు బిడ్డా."

"అన్నను తెమ్మన్నరట."

లచ్చవ్వ తలూపింది.

"అన్నను పట్టియ్యుమని నేనంటనా? అననే. గని నాకు ఎరుకే, నీకు ముందుగాల్ల ఆయినే. ఆయిన తర్వాతనే నేను." సారక్క గొంతు పెరగలేదు. అలసిపోయినట్టు, ఎన్నో ఏళ్లుగా మోస్తున్న బరువును కింద పెడుతున్నట్టు అంది. "చిన్నగున్నప్పుడు అన్నకు అమ్మవారు పోస్తె, పక్కన కూసుండి వేపమండతోని ఇసురుమని నన్ను కూసోబెట్టినవ్. నాకు అంటితె ఏమైతదని చూడలే. చూసినవా అవ్వా?"

లచ్చవ్వ అక్కడే నేల మీద కూర్చుంది. ఆ రోజులు ఆమె మరచిపోలేదు. మొగుడు వెట్టికి పోయాడు. తాను దొర పొలంలో నాటుకు పోకపోతే ఇంటి మీదికి మనుషులొస్తారు. ఇంట్లో ఆ చిన్నపిల్ల తప్ప ఎవరున్నారు? సారక్క ఎన్ని పగళ్లు అన్న పక్కన కూర్చొని విసిరిందో! తల్లి దయవల్ల దానికి అంటలేదు. ఉప్పలయ్య ముఖం మాత్రం మచ్చలు మచ్చలై మిగిలింది. లేచి తిరిగేనాటికి ఆ పిల్లవాడు చెల్లెలి చెయ్యి పట్టుకొని, "నీకొస్తె నేను కూసుంటనే సారా, నాకింక రాదట గద," అన్నాడు. ఆ మాట విని ఇల్లంతా నవ్వుకుంది. ఇన్నేళ్లు కూతురి కడుపులో ఆ నవ్వు ఇలా రాయి అయి ఉందని లచ్చవ్వకు తెలియనే తెలియదు...

ఆమె లేచి, కొడవలి తీసుకొని బయటికి పోయింది. చైత్రం వచ్చింది, వేపచెట్లు లేత చిగురు మీద ఉన్నాయి. మోయగలిగినన్ని మండలు నరికి మోపు కట్టి తెచ్చింది. ఇంటి చూరుకు కట్టింది. గడప ముందు పసుపునీళ్లు చల్లింది. పెరట్లో స్నానాల బండ చుట్టూ వాసాలు పాతి, వాటికి వేపమండలు దట్టంగా అల్లి, పసుపులో తడిపిన పాతచీర అడ్డంగా కట్టింది. వాడలో వాళ్లు అడిగితే ఒక్కటే మాట చెప్పింది. "మా సారక్కకు అమ్మ పోసింది."

నిజం తెలిసింది ఎల్లక్కకు ఒక్కదానికే. ఆమె చెంపలు వేసుకుంది. "ఎంత పని చేసినవే లచ్చవ్వా! తల్లి పేరు చెప్పినంక, మల్ల నోటితోని లేదనొద్దు. లేదంటె నిజంగనే వస్తది. ఇంట్ల పసిగుడ్డు ఉన్నది, యాది పెట్టుకో."

ఆ మాట లచ్చవ్వకూ తెలుసు. పుట్టి బుద్ధెరిగిన దగ్గరినుంచి ఆ ఊళ్లో అందరికీ తెలుసు. రప్పించిన తల్లిని బోనం పెట్టి, చల్లనీళ్లు ఆరబోసి సాగనంపాలి తప్ప, "నువ్వు రాలేదు పో" అనకూడదు.

మర్నాడు పొద్దెక్కాక సారక్క ఆ ఆకుపచ్చ చాటులోకి అడుగుపెట్టింది. ఎల్లక్క నిండు చెంబులతో నీళ్లు పోసింది. పైన బురుజు మీద అడుగుల చప్పుడు ఆగింది... ఈల వినబడలేదు. నవ్వు వినబడలేదు. లచ్చవ్వ సందులోంచి చూస్తే సిపాయి అటు తిరిగి నిలబడి ఉన్నాడు. వేపాకుల్లోంచి జారిన ఎండ సారక్క వీపు మీద చుక్కలు చుక్కలుగా పడుతుంటే, ఆ పిల్ల కళ్లు మూసుకొని, "ఇంకిన్ని పొయ్యి ఎల్లక్కా... ఇంకిన్ని," అంటుంటే, ఇవతల నిలబడ్డ తల్లికి దుఃఖం ఆగలేదు.

అలా కొన్నాళ్లు గడిచాయి. మండలు వాడితే కొత్తవి కట్టింది. ఎవరూ గడప తొక్కలేదు, నిప్పు అడగలేదు. నీళ్ల బావి దగ్గర ఆడవాళ్లు పక్కకు జరిగేవారు. తల్లీకూతుళ్ల మధ్య కూడా మాటలు పెద్దగా లేవు. సారక్క అన్న మాటను వెనక్కి తీసుకోలేదు, లచ్చవ్వ దానికి జవాబు చెప్పలేదు. కానీ తల దువ్వించుకునేటప్పుడు మాత్రం ఆ పిల్ల తల్లి మోకాళ్ల మీద తల వాల్చేది. అంతే చాలనుకుంది లచ్చవ్వ.

ఒకనాడు తండానుంచి తుల్సీబాయి వచ్చింది. కట్టెలమోపు అమ్ముకోవడానికి ఊళ్లోకి వస్తుంది. ఆమె మరిది అడవిలో ఉప్పలయ్యతోనే ఉంటాడని లచ్చవ్వకు తెలుసు. ఇద్దరూ ఆ మాట పైకి అనుకోరు. చూరుకు వేలాడే వేపమండలు చూసి తుల్సీబాయి వాకిట్లోనే ఆగిపోయింది.

"ఎవరికక్కా?"

"సారక్కకు," అంది లచ్చవ్వ.

"పసిబిడ్డ తల్లి గద!" తుల్సీబాయి కళ్లలో నీళ్లు తిరిగాయి. "బాగ పోసిందా?"

చుట్టూ ఎవరూ లేరు. దగ్గరికి పోయి చెవిలో ఒక్క మాట చెబితే అయిపోయేది. "అబద్ధం తుల్సీ, వాడికి చెప్పకు," అంటే చాలు. ఆ మాట లచ్చవ్వ నాలుక చివరి దాకా వచ్చింది కూడా. అదే క్షణంలో లోపల పసిగుడ్డు ఏడ్చింది. లేదంటే నిజంగానే వస్తుంది... ఇంత చిన్న ఒంటి మీద పోస్తే ఆ పిల్ల బతుకుతుందా? లచ్చవ్వ నాలుక వెనక్కి తీసుకుంది.

"తల్లి దయ," అని మాత్రం అంది.

తుల్సీబాయి గడప వైపు దండం పెట్టి వెళ్లిపోయింది. ఆమె వీధి మలుపు తిరిగేదాకా లచ్చవ్వ చూస్తూనే నిలబడింది.

తర్వాత ఎన్నో పొద్దులు కాలేదు. ఎండ నడినెత్తిన ఉన్న వేళ. సారక్క వేపమండల నీడలో కూర్చొని పిల్లను ఒళ్లో వేసుకొని నిద్రపుచ్చుతోంది. వాకిట్లోంచి ఎవరో గొర్రెలకాపరి, ఎండలో కూడా గొంగడి నెత్తినుంచి ముఖం దాకా కప్పుకొని, చేతిలో వేపమండ పట్టుకొని, సంకోచం లేకుండా లోపలికి నడిచి వచ్చాడు. అమ్మవారు పోసిన ఇంట్లోకి అట్లా వచ్చేది ఎవరు? లచ్చవ్వ అడ్డం పోయేలోపే అతను పెరట్లోకి వచ్చి, వేపమండలు పక్కకు తప్పించి, చెల్లెలి ముఖం చూశాడు. ఒక్క మచ్చ లేదు. ఒక్క పొక్కు లేదు. నూనె రాసుకున్న బాలింత ముఖం, పసుపుతో మెరుస్తోంది.

అతను గొంగడి తీశాడు. మచ్చల ముఖం నిండా నవ్వు.

"నీకేం కాలేగదనే సారా! నీ పక్కన కూసుందామని అడవంత నడిచొస్తి."

"అన్నా!" అంది సారక్క. చిన్ననాటి ఆ మాటను అతను మరచిపోలేదు! తనకు రాదు కాబట్టి, చెల్లెలి పక్కన నిర్భయంగా కూర్చోగలిగింది తానొక్కడే కాబట్టి, ప్రాణాన్ని గుప్పిట్లో పెట్టుకొని వచ్చాడు. తన అన్న... అవ్వకు తనకంటే ఎక్కువని ఇన్నాళ్లు తాను లెక్కలు కట్టుకుంటూ కూర్చున్న అన్న!

లచ్చవ్వ గుండెలు బాదుకుంది. గొంతు బయటికి వినబడకుండా కొంగు అడ్డం పెట్టుకొని, జరిగిందంతా చెప్పింది. దడి ఇవ్వనన్నారనీ, తల్లి పేరు చెప్పి మండలు కట్టాననీ, తుల్సీబాయితో నిజం చెప్పబోయి భయపడ్డాననీ చెప్పింది. "నా నోరే నిన్ను సంపుతది కొడుకా. పో... ఇప్పుడే పో."

ఉప్పలయ్య పోలేదు. మేనకోడలిని రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. పిల్ల చెయ్యి అతని బుగ్గ మీది మచ్చలకు తగిలింది. "నువ్వు నిజం చెప్పినా వచ్చేటోన్నేనేమో అవ్వా," అన్నాడు మెల్లగా. "మేనకోడల్ని చూడొద్దా మరి?"

మంచం మీదినుంచి వీరస్వామి ఎన్నో నెలల తర్వాత మొదటిసారి నోరు తెరిచి కొడుకును పేరు పెట్టి పిలిచాడు. ఉప్పలయ్య పోయి తండ్రి చితికిన మోకాలు మీద చెయ్యి వేశాడు. ఆ ఇల్లు మళ్లీ నిండుగా ఉన్నది ఆ కాసేపే...

బురుజు మీద సిపాయి ఒక మనిషి అమ్మవారి ఇంట్లోకి పోవడం చూశాడు. గుమాస్తాకు చెప్పాడు. ఊరి రీతులు తెలిసిన గుమాస్తాకు ఎక్కువసేపు ఆలోచించే పని లేకపోయింది. అమ్మవారు పోసిన ఇంట్లోకి బెదరకుండా పోయేది, ఒకసారి పోసి బతికినవాడే. ఆ వాడలో అట్లాంటి మచ్చల ముఖం ఎవరిదో అతనికి తెలుసు.

బూట్ల చప్పుడు వాకిట్లో ఆగింది. వేపమండలు చూసి సిపాయిలు లోపలికి రాలేదు. బయటినుంచే పిలిచారు. పెరటి పక్కనున్న నడుమెత్తు గోడ దూకితే పొలాలు. ఉప్పలయ్య ఆ వైపు చూశాడు. తాను పారిపోతే వాళ్లు ఆ మండలు పీకి పారేసి లోపలికి వస్తారు. పచ్చి బాలింత ఉంది, లేవలేని తండ్రి ఉన్నాడు. పిల్లను సారక్క ఒళ్లో పెట్టాడు. గొంగడి మడిచి దాని కాళ్ల మీద కప్పాడు.

"దడి జోలికి రాకుండ్రి," అని వాకిట్లోకి కేక వేశాడు. "నేనే వస్తున్న."

వెళ్లేటప్పుడు తల్లి కాళ్లకు వంగాడు. లచ్చవ్వకు కళ్లు కనబడలేదు. చెయ్యి చాచితే కొడుకు జుట్టు తగిలింది, ఆ తర్వాత ఏమీ తగల్లేదు.

అతన్ని గడిలోనే, బురుజు కింది చీకటి కొట్టులో పెట్టారు. ఆ కొట్టుకు ఒకే ఒక్క సందు ఉంది, తుపాకీ గొట్టం పెట్టుకోవడానికి వెనకటి రోజుల్లో విడిచిన రంధ్రం. అది సూటిగా లచ్చవ్వ పెరట్లోకి తెరుచుకుంటుంది.

మర్నాడే గుమాస్తా ఇంటి ముందుకు వచ్చాడు. సుబేదారు మాట తప్పడట. రాతిగోడ సంగతి తర్వాత చూద్దామన్నాడుగానీ, నిలువెత్తు దడి కట్టుకోవచ్చట, ఇక ఆ ఇంట్లో దాగేవాడు ఎవడూ లేడు కాబట్టి. లచ్చవ్వ ఆ మాట విని ఏడవలేదు. ఎండలో నిలబడి, చేతులు జోడించి అడిగిన సెలవు వచ్చింది. ఏ ధరకు వచ్చిందో ఎవరికి చెప్పుకుంటుంది!

వీరస్వామి మంచం దిగాడు. చితికిన కాలు ఈడ్చుకుంటూ కందికట్టె లాక్కొచ్చి, తాటినార నానబెట్టి, దడి అల్లడం మొదలుపెట్టాడు. ఎడమ పక్క అల్లాడు. కుడి పక్క అల్లాడు. ఇక బురుజు దిక్కు మిగిలింది. అక్కడ గుంజ పాతుతుంటే సారక్క వచ్చి ఆయన చెయ్యి పట్టుకుంది.

"ఈ దిక్కు ఒద్దు నాయినా."

లచ్చవ్వ పరుగున వచ్చింది. ఆ దిక్కు కోసమే కదా ఇంత జరిగింది! సిపాయిలు చూస్తారని చెప్పింది.

"చూడనియ్యి," అంది సారక్క. "ఆళ్ల కిందికెల్లి అన్న చూస్తడు. దడి లేస్తె అన్నకు ఏం కనబడుతది అవ్వా?"

"నీ తానమెట్ల బిడ్డా?"

"చీకటితోని పోసుకుంట. నా ఒళ్లు ఇంత గట్టి పడ్డది గద."

"శీతం కొడ్తది..."

"కొట్టనియ్యి." సారక్క తల్లి భుజం మీద తల పెట్టింది. "అన్న పక్కన నన్ను కూసోబెట్టినవని అంటి. మల్ల ఒక్కసారి కూసోబెట్టు అవ్వా."

తల్లీకూతుళ్లు అప్పుడు ఏడ్చారు. ఎన్నాళ్లనుంచో ఒకరికొకరు దాచుకున్నదంతా ఆ ఏడుపులో కొట్టుకుపోయింది. వీరస్వామి గుంజను తిరిగి పీకి గోడకు ఆనించాడు.

ఆ రోజునుంచి సారక్క తొలికోడి కూయకముందే వణుకుతూ నీళ్లు పోసుకునేది. పొద్దెక్కాక మాత్రం బండ మీద పీట వేసి, లచ్చవ్వ కాళ్లు చాపుకొని, వాటి మీద పిల్లను పడుకోబెట్టి, బురుజు దిక్కు తిప్పి నీళ్లు పోసేది. పిల్ల కాళ్లు తన్నుకుంటూ నవ్వేది. ఒక్కోసారి ఆ రంధ్రంలోంచి ఒక చెయ్యి బయటికి వచ్చేది. వేళ్లు మాత్రమే కనబడేవి, పిలిచినట్టు, దీవించినట్టు. బురుజు మీది సిపాయిలు కొన్నాళ్లు చూశారు. ఒక ముసల్ది పసిపిల్లకు నీళ్లు పోస్తుంటే చూడ్డానికి ఏముంది? వాళ్లు అటు తిరిగి నడవడం మొదలుపెట్టారు.

లచ్చవ్వ అమ్మవారికి బోనం వండి, వేపమండలు విప్పి, చల్లనీళ్లు ఆరబోసి సాగనంపింది. అబద్ధమైనా నిజమైనా వచ్చిన తల్లిని వట్టిచేతుల పంపకూడదు.

తర్వాత ఒక పొద్దున గడిలోంచి ఖైదీల లారీ వరంగల్ వైపు వెళ్లింది. ఆ రోజు రంధ్రంలోంచి చెయ్యి రాలేదు. మర్నాడూ రాలేదు. అల్లుడు వచ్చి సారక్కను, పిల్లను ఘన్‌పూర్ తీసుకుపోయాడు. బండి ఎక్కేముందు సారక్క పెరట్లోకి పోయి బురుజు వైపు నిలబడి, పిల్లను ఒకసారి పైకెత్తి చూపి వచ్చింది. చూసేవాళ్లు లేరని తెలిసే చూపింది.

రెండు దిక్కుల దడి, బురుజు దిక్కు ఖాళీ. వానలు పడే ముందు గుమాస్తా ఆ దారిన పోతూ ఆగాడు. సెలవిచ్చినా ఇంకా ఎందుకు కట్టుకోలేదని అడిగాడు. లచ్చవ్వ చేటలో బియ్యం ఏరుతోంది.

"మీరు చూస్తరని అప్పుడు అడిగిన దొరా," అంది తలెత్తకుండా. "ఇప్పుడు నేను చూసుకోవాలె."

ఆయన వెళ్లిపోయాడు. లచ్చవ్వ చేట పక్కన పెట్టి, బురుజు కింది ఆ చిన్న చీకటి సందుకు ఎదురుగా బండ మీద కూర్చుంది. గాలికి గోడకు ఆనించిన గుంజ కొంచెం కదిలింది. ఆమె లేచి, దాన్ని తీసి పొయ్యిలో పెట్టింది.